రెండో దారి నిజంగా రెండోదేనా?

విజయవాడ,
మే నెల.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

గుంటూరు నీటి సరఫరా విభాగంలో నీకు పంపుహౌస్‌ల నిర్వహణ అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పుడు చాలా సంతోషించాను. వానాకాలం మొదలయ్యేలోపు ముందుగా ఏవేవి చూసుకోవాలో రాసి పంపమని నువ్వు అడిగావు. నేను ముప్పై నాలుగేళ్లు కరెంటు పంపిణీలో పనిచేసినవాణ్ణి, నీళ్ల పనిలో నాకు నీకున్నంత చదువు లేదు. అయినా వరదలోనూ తుపానులోనూ నీళ్లూ కరెంటూ ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి ఎలా పడిపోతాయో దగ్గరి నుంచి చూశాను కనుక, ఆ అనుభవంలోంచి రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్న విషయం నిజానికి ఒక్కటే. మన దగ్గర ప్రతి ముఖ్యమైన ఏర్పాటుకూ రెండోది ఉందని కాగితాల్లో రాసి ఉంటుంది. ఆ రెండోది నిజంగా రెండోదేనా, లేక మొదటిదాని నీడేనా అన్నది నువ్వు స్వయంగా వెళ్లి చూసి తేల్చుకోవాలి.

ఈ మాట నేను తేలికగా నేర్చుకోలేదు. ఉద్యోగంలో నాకు పదేళ్ల అనుభవం ఉన్న రోజుల్లో ఒక ఊరి పంపుహౌస్‌కు రెండు ఫీడర్లు, అంటే సబ్‌స్టేషను నుంచి వచ్చే రెండు వేర్వేరు కరెంటు లైన్లు, ఇచ్చామని ధ్రువీకరిస్తూ సంతకం చేశాను. ఒక ఫీడరు పోతే ఇంకొకటి అందుకుంటుందని అందరం నిశ్చింతగా ఉన్నాం. ఆ ఏడు వానలకు ఊరవతలి వాగు పొంగి, గట్టు కోసుకుపోయి, నాలుగు స్తంభాలు పడిపోయాయి. రెండు ఫీడర్లూ ఆ వాగును అవే స్తంభాల మీదుగా దాటుతున్నాయన్న సంగతి అప్పుడే నా కళ్లకు కనిపించింది. నక్షాలో అవి రెండు రంగుల గీతలుగా, వేర్వేరు స్విచ్చులతో, వేర్వేరు పేర్లతో ఉన్నాయి. నేల మీద మాత్రం అవి ఒకే వరుస స్తంభాలు. ఆ ఊరికి మూడు రోజులు నీళ్లు రాలేదు. చంటిబిడ్డను చంకనేసుకుని ఖాళీ బిందెతో పంపుహౌస్ ముందు నిలబడి, ఎప్పుడొస్తాయి బాబూ అని అడిగిన తల్లి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను సంతకం చేసే ముందు ఒక్క పూట ఆ లైను వెంట నడిచి ఉంటే సరిపోయేది.

ఇదే పొరపాటు ఎంతో పెద్ద చోట, ఎంతో జాగ్రత్త గలవాళ్ల దగ్గర కూడా జరిగింది. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చినప్పుడు ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రానికి బయటి నుంచి వచ్చే కరెంటు పోయింది, అత్యవసర డీజిల్ జనరేటర్లు అనుకున్నట్టే మొదలయ్యాయి. తర్వాత గంట లోపే సునామీ వచ్చింది. జనరేటర్లలో చాలా భాగం, వాటి స్విచ్‌బోర్డులు కింది అంతస్తుల్లో ఉండటంతో నీరు చేరి ఆగిపోయాయి. ఆరో యూనిట్‌కు చెందిన ఒకే ఒక్క జనరేటరు, కాస్త ఎత్తులో ఉన్నదీ గాలితో చల్లబడేదీ కావడం వల్ల, నిలబడింది. దాని కరెంటునే పంచుకుని ఐదు, ఆరు యూనిట్లు బయటపడ్డాయి. అన్ని జనరేటర్లు ఉండి కూడా, నీటి ముందు అవన్నీ కలిసి ఒక్కటిగానే లెక్కకు వచ్చాయి. వాటికి భిన్నమైన చోట, భిన్నమైన పద్ధతిలో ఉన్న ఆ ఒక్కటే నిజమైన రెండోది.

అంత దూరం వెళ్లనక్కరలేదు, మన బుడమేరునే చూడు. మైలవరం వైపు కొండల మీద కురిసిన నీటిని మోసుకొచ్చి కొల్లేటిలో కలిపే ఆ వాగు పొంగితే విజయవాడ మునుగుతుందని, వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ తవ్వి, వరదను ఇబ్రహీంపట్నం వైపు తిప్పి కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. ఆ కాలువ కృష్ణలో కలిసేది ప్రకాశం బ్యారేజీకి ఎగువన. మామూలు సంవత్సరాల్లో ఇది మంచి ఏర్పాటే. కానీ 2024 ఆగస్టు చివర బుడమేరు మీదా కృష్ణ మీదా ఒకే వాయుగుండం కురిసింది. సెప్టెంబరు 2న బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. 1957లో బ్యారేజీ పూర్తయిన తర్వాత అంత నీరు ఎప్పుడూ రాలేదు, దాని రూపకల్పన సామర్థ్యమే దాదాపు 11.9 లక్షలు. నిండుగా పారుతున్న నది తనలోకి రాబోతున్న కాలువను ఎలా ఆహ్వానిస్తుంది? మళ్లింపు కాలువకు గండ్లు పడ్డాయి, వెలగలేరు గేట్లు ఎత్తిన నీరు పాత దారిన నగరం మీదికి వచ్చింది, సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర పడవల కోసం నిలబడ్డ జనాన్ని చూస్తూ నేను అనుకున్నది ఇదే: వరదకు ఉన్న రెండో దారి కూడా ఆ మేఘాన్నే నమ్ముకుని ఉంది. కనుక నీ పట్టికలో రెండో ఏర్పాటు ఎదురైనప్పుడల్లా, మొదటిదాన్ని పడగొట్టిన కారణమే దీన్నీ పడగొడుతుందా అని అడుగు. వాన, గాలి, కరెంటు, డీజిలు, రోడ్డు, ఫోను, మనిషి అనే ఈ ఏడింటి పేరు పెట్టి విడివిడిగా అడిగితే జవాబు తప్పకుండా బయటపడుతుంది.

ఇక పని ఎక్కడ మొదలుపెట్టాలంటే, కుళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడువు. ఒక వీధి కుళాయిని ఎంచుకుని, దానికి నీరిచ్చే పైపు, ఆ పైపు మీది వాల్వు, ఓవర్‌హెడ్ ట్యాంకు, దానికి ఎక్కించే మోటారు, మోటారు ప్యానెల్, ఫీడరు, సబ్‌స్టేషను, ఇటు నీళ్ల వైపు సంపు, ఫిల్టర్లు, పటిక, క్లోరిన్, నది నుంచి నీరు తోడుకునే ఇన్‌టేక్ వరకు పోవాలి. ఇది రెండు మూడు రోజుల పని, జీపులో కూర్చుని చేసే పని కాదు. తక్కెళ్లపాడు శుద్ధి కేంద్రంలోని సీనియర్ ఫిట్టర్లను వెంటబెట్టుకుని వెళ్లు. ఒక్కొక్క చోట నిలబడి, ఇది ఆగితే ఎంత సేపటికి కుళాయి ఆగుతుంది, దాన్ని తిరిగి మొదలుపెట్టడానికి ఎవరు కావాలి, ఏ సామాను కావాలి, ఆ సామాను ఏ గదిలో ఉంది, ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంది అని రాసుకో. తాళం సంగతి చిన్నదని అనుకోకు. స్టోరు తాళం సెలవుపై వెళ్లిన మనిషి బీరువాలో ఉండిపోవడం వల్ల, చేతిలో ఉండాల్సిన ఫ్యూజు కోసం రాత్రంతా చీకట్లో కూర్చున్న సబ్‌స్టేషన్లను నేను చూశాను.

జనరేటరు విషయంలో కాస్త గట్టిగానే చెబుతాను. దాన్ని వారానికోసారి ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి రిజిస్టరులో సంతకం చేసే అలవాటు మన అన్ని విభాగాల్లోనూ ఉంది. ఆ పరీక్ష ఇంజను తిరుగుతుందని చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు. నెలకోసారి బయటి కరెంటును నిజంగానే తీసేసి, అసలు మోటారును దాని మీద వేసి, కనీసం గంటసేపు నీళ్లు ఎక్కించు. అప్పుడే బ్యాటరీ బలహీనత, ట్యాంకు అడుగున చేరిన నీరు, వేడెక్కే రేడియేటరు, పెద్ద మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటును తట్టుకోలేని జనరేటరు, ఇవన్నీ పగటి వెలుతురులో బయటపడతాయి. పెద్ద కరెంటు కేంద్రాలకు కూడా ఈ తిప్పలు ఉన్నాయి. థర్మల్ కేంద్రాన్ని తిరిగి మొదలుపెట్టాలంటే దాని ఫ్యాన్లకు, పంపులకు ముందుగా బయటి కరెంటు కావాలి. 2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూలి అరవై కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతానికి కరెంటు పోయినప్పుడు, జలవిద్యుత్ కేంద్రాల నుంచీ నిలబడి ఉన్న పొరుగు గ్రిడ్ల నుంచీ కరెంటు తెచ్చుకుని ఒక్కొక్క కేంద్రాన్నీ లేపవలసి వచ్చింది. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో డీసీ (ఏకముఖ విద్యుత్తు) లైన్ల ద్వారా మాత్రమే కలిసి ఉండటంతో ఆ కుదుపు మనదాకా రాలేదు. 2013 డిసెంబరు 31న మనమూ ఆ పెద్ద గ్రిడ్‌లో పూర్తిగా కలిశాం. దానివల్ల లాభాలు చాలా ఉన్నాయి, కానీ దూరాన జరిగిన తప్పు మన మోటారు దాకా వచ్చే దారి కూడా ఏర్పడింది. అందుకని నీ పంపుహౌస్ పూర్తి చీకటిలోంచి మొదలుకాగలదా అన్నది ఒక్కసారైనా చేసి చూడాలి.

జనరేటరు కొనే డబ్బు లేని చోట దానికి తగిలించే ఏర్పాటైనా ఉండాలి. గోడ మీద నడుమెత్తు కంటే పైన, బయటి కరెంటు నుంచి జనరేటరుకు మార్చే ఒక చేంజ్‌ఓవర్ స్విచ్చు, తగిన మందం కేబులు, దాని చివర బిగించే లగ్గులు సిద్ధంగా ఉంటే, అద్దె జనరేటరు లారీ వచ్చిన అరగంటలో నీళ్లు ఎక్కుతాయి. అవి లేకపోతే లారీ వచ్చాక కేబులు కోసం ఊరంతా తిరగాలి. ప్యానెళ్లు నేల మట్టాన ఉంటే వాటిని ఎత్తులోకి మార్చడానికి ఈ ఏడాదే ప్రతిపాదన పెట్టు. డీజిలు సంగతి కూడా ముందే మాట్లాడుకో, ఎందుకంటే కరెంటు లేకపోతే పెట్రోలు బంకులోని పంపు కూడా తిరగదు.

ఇప్పుడు నీ విద్యలోకి వస్తున్నాను, అయినా చెప్పకుండా ఉండలేను. కరెంటు పోవడం వల్ల నీళ్లు రాకపోవడం కంటే, తిరిగి వచ్చిన నీళ్లు ఎక్కువ ప్రమాదం. పైపులో ఒత్తిడి ఉన్నంతసేపు పగుళ్లలోంచి మంచినీరు బయటికి కారుతుంది. ఒత్తిడి పోయిన గంటలో, ఆ పగుళ్లలోంచే పక్కనున్న కాలువ మురుగును పైపు లోపలికి పీల్చుకుంటుంది, అందులోనూ వరద రోజుల్లో పైపు చుట్టూ ఉన్న మట్టంతా మురుగుతో తడిసి ఉంటుంది. 2018 మార్చిలో మీ గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం వచ్చి ప్రాణాలు పోయిన సంగతి ఆ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు, నీ విభాగంలో మరచిపోనేకూడదు. కాబట్టి సరఫరా ఆగి మళ్లీ మొదలైన ప్రతిసారీ చివరి వీధుల్లో వాష్‌అవుట్ వాల్వులు తెరిచి మొదటి నీటిని వదిలేయించు. నీటిలో క్లోరిన్ ఎంత ఉందో చూపే క్లోరోస్కోప్ పట్టుకుని కుళాయి దగ్గరే చూడు. మామూలు రోజుల్లో లీటరుకు 0.2 మిల్లీగ్రాముల మిగులు క్లోరిన్ కనీసం ఉండాలని మన ప్రమాణాలు చెబుతున్నాయి, వరద రోజుల్లో అంతకంటే ఎక్కువ ఉంచుకోవడం మంచిది. కాలువను దాటే పైపులు, కాలువలోనే మునిగి ఉన్న ఇంటి కనెక్షన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో పటం గీయించు. నా దృష్టిలో నీ ఉద్యోగంలో అన్నిటికంటే విలువైన పటం అదే అవుతుంది. మోటారు ఒక్కసారిగా ఆగినప్పుడు పైపులోని నీరు వెనక్కి తన్నుకొచ్చి నాన్ రిటర్న్ వాల్వును గట్టిగా కొడుతుంది, బలహీనమైన జాయింటు ఆ దెబ్బకు ఊడిపోతుంది. కరెంటు తరచుగా వచ్చి పోయే రాత్రి మోటారును వచ్చిన ప్రతిసారీ వేయవద్దని, పది నిమిషాలు నిలకడగా ఉంటేనే వేయమని ఆపరేటర్లకు చెప్పు.

వరదనీరు బురదతో వస్తుంది కనుక పటిక ఎక్కువ కావాలి, ఫిల్టర్లు త్వరగా పూడుకుపోతాయి, వాటిని కడగడానికి మళ్లీ కరెంటూ శుద్ధి చేసిన నీరూ కావాలి. అంటే రోడ్లు మూసుకుపోయి లారీ రాలేని రోజునే సామాను ఎక్కువ ఖర్చవుతుంది. పటిక, క్లోరిన్ నిల్వలను మామూలు రోజుల వాడకంతో లెక్కగట్టకుండా, అత్యంత బురద రోజు వాడకంతో లెక్కగట్టి, కనీసం పదిహేను రోజులకు సరిపడా జూన్‌కు ముందే తెప్పించు. క్లోరిన్ సిలిండరు పరికరం మొరాయిస్తే బ్లీచింగ్ పౌడరు కలిపే తొట్టి ఉండాలి, దాన్ని కలపడం తెలిసిన మనిషి ప్రతి షిఫ్టులోనూ ఉండాలి.

విడిభాగాల గురించి రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూపిస్తాను. 2021 ఆగస్టు 5న పులిచింతలలో పదహారో గేటు కొట్టుకుపోయింది. నీటిమట్టం తగ్గించి, అందుకోసమే ఉన్న స్టాప్‌లాగ్‌లను, అంటే గేటు చోట అడ్డంగా దించే పలకలను, దించి ఆ ఖాళీని మూశారు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్రలో పందొమ్మిదో గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అక్కడ అడ్డుపెట్టడానికి తయారుగా ఉంచినవి లేవు. అప్పటికప్పుడు ఉక్కు పలకలు చేయించి, కన్నయ్యనాయుడు గారి వంటి అనుభవజ్ఞుల ఆధ్వర్యంలో, పారుతున్న నీటిలోనే వాటిని దించడానికి దాదాపు వారం పట్టింది. ఈలోపు నిండిన జలాశయంలోంచి ఎంతో నీరు కిందికి వదలవలసి వచ్చింది. ఆ పనివాళ్ల సాహసానికి చేతులెత్తి నమస్కరించాను. కానీ నీ పంపుహౌస్‌లో ఎవరూ సాహసం చేయవలసిన అవసరం రాకూడదని నా కోరిక. బజారులో ఆ పూటే దొరకని వస్తువులు నీ దగ్గర ఏవి? పెద్ద వ్యాసం వాల్వులు, పాత పైపుల కొలతకు సరిపోయే జాయింట్లు, మోటారు బేరింగులు, స్టార్టరు కాయిల్స్. వాటిని మాత్రం తప్పకుండా ఒక్కొక్కటి అదనంగా ఉంచుకో. దొరికేవాటి మీద నిధులు ఖర్చు చేయకు.

కంప్యూటరు తెరల మీద ట్యాంకు మట్టం చూసి మోటారు వేసే పద్ధతి మంచిదే. అయితే 2024 జులై 19న ఒక్క భద్రతా సాఫ్ట్‌వేరులో తప్పు మార్పు చేరినందుకు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఆగిపోయాయి, మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. చేత్తో రాయడం తెలిసినవాళ్లు ఉండబట్టే ఆ పని సాగింది. నీ మోటార్లకు చేతి స్విచ్చు, నీ ట్యాంకులకు గోడ మీద కొలబద్ద తీసేయనివ్వకు.

మనుషుల సంగతి కొంచెం ఎక్కువగా చెప్పాలి. ఏ సందులో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పితే మూసుకుంటుందో, ఏది ఎడమ వైపు తిరుగుతుందో, ఏ మూత మీద తారురోడ్డు వేసేశారో తెలిసిన ఫిట్టరు ప్రతి ఊళ్లో ఒకరిద్దరే ఉంటారు. ఆయన రిటైరైన రోజున ఆ జ్ఞానం కూడా దండతో పాటు ఇంటికి వెళ్లిపోతుంది. ఆయన వెంట ఒక కుర్రవాణ్ణి ఆరు నెలలు తిప్పు, ప్రతి వాల్వుకూ నంబరు వేయించి, దగ్గరి గోడ మీద దూరం రాయించు. ఇక్కడ కూడా నా పాత ప్రశ్నే వర్తిస్తుంది. నీ ఇద్దరు ఆపరేటర్లూ ఒకే పల్లపు కాలనీలో ఉంటే, వాగు పొంగిన రాత్రి ఇద్దరూ తమ పిల్లల్ని మేడ మీదికి ఎక్కిస్తూ ఉంటారు, డ్యూటీకి ఇద్దరూ రాలేరు. అది వాళ్ల తప్పు కాదు. ఎవరి ఇల్లు ఎక్కడ ఉందో తెలుసుకుని షిఫ్టులు వేయి. తుపాను హెచ్చరిక రాగానే పంపుహౌస్‌లోనే ఉండబోయేవారికి రెండు రోజుల తిండి, పడక, రెయిన్‌కోటు, టార్చీ ఏర్పాటు చేయి, వాళ్ల కుటుంబాలను ముందే మెరకకు చేర్చడంలో సాయపడు. కాంట్రాక్టు పనివాళ్ల జీతాలు నెలల తరబడి ఆగకుండా చూడటం కూడా వరద సన్నాహమేనని పైవాళ్లకు చెప్పడానికి వెనుకాడవద్దు.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఒక రోజు సగం నీరే ఉంటుంది. ఆ సగం ఎవరికి వెళ్లాలన్నది ఆ రాత్రి ఫోన్లో అరుపుల మధ్య తేల్చకూడదు. ఇప్పుడే కాగితం మీద పెట్టి కమిషనరు గారి చేత ఆమోదం తీసుకో. ప్రభుత్వ సర్వజనాసుపత్రి మొదట ఉండాలి. ఒక రోగికి ఒకసారి డయాలసిస్ చేయడానికి 120 లీటర్లకు పైగా శుద్ధి చేసిన నీరు పడుతుంది, ఆ నీరు ఆగితే ఆ రోగికి రేపు అనేది ఉండకపోవచ్చు. తర్వాత పునరావాస కేంద్రాలు, ఆపైన ట్యాంకర్లు నింపే చోట్లు. ఒక్క ఓవర్‌హెడ్ ట్యాంకునైనా, కరెంటుతో పనిలేకుండా కిందికి వచ్చే నీటితోనే ట్యాంకర్లు నిండేలా పెద్ద గొట్టంతో సిద్ధం చేయించు.

వీటిలో చాలావాటికి డబ్బు కావాలి, అడిగినదంతా రాదు. ఇరవై పేజీల నివేదిక పంపితే అది ఫైలులో నిద్రపోతుంది. ఒకే పేజీలో, ఈ పని ఇంత ఖర్చు, చేయకపోతే ఇన్ని ఇళ్లకు ఇన్ని గంటలు నీళ్లు రావు అని నాలుగు వరుసల్లో రాసి, ఫొటో జతచేసి, నేరుగా వెళ్లి ఇవ్వు. మొదటి వరుసలో తక్కువ ఖర్చుదే పెట్టు, అది ఆమోదం పొందితే రెండోదాని గురించి మాట్లాడే చోటు దొరుకుతుంది.

వచ్చే ఆదివారం నేను గుంటూరు వస్తున్నాను. నీ పంపుహౌస్ ఫీడర్ల నక్షా ఒక ప్రతి తీసి ఉంచు. పొద్దున్నే ఎండ ఎక్కకముందే బయలుదేరి, రెండు లైన్లూ సబ్‌స్టేషను దాకా కలిసి నడుద్దాం. నీళ్ల సీసా, గొడుగు మరవకు. మీ అమ్మను మధ్యాహ్నానికి గోంగూర పచ్చడి చేసి ఉంచమని నా మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
మీ మావయ్య